టెక్కలిలో అడిగే ప్రశ్నలు

టెక్కలి
12 మార్చి 2003

చెల్లి సూర్యకుమారికి అన్నయ్య కృష్ణారావు ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేను, మీ వదిన కామాక్షమ్మ, కొట్టు గోడకు నిలబెట్టిన పదకొండు తుపాకులు. ఐదు నెలలుగా తుపాకులు మరీ క్షేమంగా ఉన్నాయి. వాటి జోలికి ఎవరూ రావడం లేదు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోనైతే మధ్యలో "అన్నం పొంగుతోంది" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు.

మొన్న నందిగాం బాబ్జీ బస్సు దిగి నా కొట్టు ముందు నుంచే వెళ్తున్నాడు. నెత్తిన ఆకుపచ్చ టోపీ, భుజాన పొడవాటి సంచీ. "ఏటి బాబ్జీ, సన్నాయి కొన్నావేటి?" అన్నాను. "నేదు మావా, తుపాకీ కవరు. విశాఖలో వనయాత్ర కొట్టు ఎట్టినారు కదేటి, అక్కడ కొన్నాను. మూడంతస్తులు మావా, అంతా ఏసీ" అన్నాడు. పదిహేనేళ్ళుగా గోనెసంచీలో చుట్టి అటక మీద పడేసిన తుపాకీకి ఇప్పుడు జిప్పు కవరు! దానికి హఠాత్తుగా చలి మొదలైందేమో. తూటాలు కూడా అక్కడే కొన్నాడట.

నాన్న పెట్టిన కొట్టు ఇది. బస్టాండుకు ముప్పై అడుగుల దూరం. ఇటు టెక్కలి నుంచి అటు ఇచ్ఛాపురం దాకా తుపాకులమ్మే కొట్టు ఇదొక్కటే. అయినా మనవాళ్ళు పలాసలో రైలెక్కి, మూడున్నర గంటలు వేరుశనక్కాయలు తింటూ విశాఖ వెళ్ళి, టెంట్లూ బూట్లూ చేపల గాలాలూ అమ్మేవాడి దగ్గర తూటాలు కొంటున్నారు. వాడేదో మందు పెడుతున్నాడు.

నువ్వు మందస జీడితోటల మధ్య ఉన్నావు. బావగారిని చూడడానికి రైతులందరూ మీ అరుగు మీదికి వస్తూంటారు. కాస్త అడిగి రాయి. మొహమాటపడకు.

నువ్వడిగిన లైసెన్సు సంగతంటావా, ఆఫీసు పని. నిదానంగా అవుతుంది. ముందు బావగారి ఆరోగ్యం చూసుకో.

కృష్ణారావు

*

మందస దగ్గర, తోట
30 మార్చి 2003

అన్నయ్యకి నమస్కారాలు.

నీ పదకొండు తుపాకుల క్షేమం తెలిసి సంతోషించాను. మీ బావగారికి వారానికి రెండుసార్లు విశాఖలో డయాలసిస్ జరుగుతోంది. ఉద్దానం కిడ్నీ జబ్బుల సంగతి నీకు తెలుసు కదా, మా బోగీలో సగం మంది అదే పని మీద వచ్చేవాళ్ళు. మిగతా సగం నీ కొట్టు తప్పించుకుని పారిపోతున్నవాళ్ళేమో, ఈసారి అడుగుతాను.

మొహమాటపడొద్దన్నావు కనుక విను. కవిటి బాబూరావు గారు కొబ్బరి బేరానికి వస్తే అడిగాను. ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను: "ఐదేళ్ళ కిందట మీ అన్న కొట్టుకెల్లినాను తల్లీ. ఇరవై తూటాలు కావాలన్నాను. నా లైసెన్సు ముందుకీ ఎనక్కీ తిప్పేసి, 'మీ అయ్య ఇరవై కొని పదిహేడు తుప్పట్టించినాడు, నువ్వేటి పొడిసేత్తావు?' అన్నాడు. బెంచీ మీదోలంతా పకపకా నవ్వినారు. ఆల్లలో మా యియ్యంకుడున్నాడు." తూటా కంటే యియ్యంకుడి నవ్వే బలంగా తగిలినట్టుంది. ఇప్పటికీ తడుముకుంటున్నారు.

మందస హైస్కూలు మాస్టారు లోకనాథ్ గారు తేలినీలాపురం కొంగల్ని పిల్లలకు చూపిద్దామని నీ దగ్గర బైనాక్యులర్ అడిగారట. "పిట్టల్ని సూడ్డానికి కల్లు సాలవేటి? ఎవలి డాబా సూడాలనీ?" అన్నావట. ఆయనిప్పుడు విశాఖలో కొన్నదాన్ని మెడలో వేసుకునే బడికి వస్తున్నారు. బహుశా నీ మీద కోపంతోనే.

కొట్టు గోడ మీది బోర్డులు కూడా నాకు గుర్తున్నాయి. "ముట్టుకోరాదు." "ఊరికే ధర అడగరాదు." "కొననివారు కూర్చోరాదు." మరి పదేళ్ళుగా ఏమీ కొనకుండా ఆ బెంచీ మీద కూర్చునే రిటైర్డ్ పోలీసు హెడ్డు గారికి చదువు రాదా? లోపలికి వచ్చిన ప్రతివాణ్ణీ పేపరు పైనుంచి అలా చూస్తారేం, ఇంకా డ్యూటీలో ఉన్నట్టు?

ఇక నా గోడు. జీడిపళ్ళు రాలే రోజులు. ఆ వాసనకి ఎలుగుబంట్లు వస్తున్నాయి. మొన్న రెండు పిల్లలతో ఒక తల్లి వచ్చింది. మాతో జీడిపిక్కలు ఏరే కూలిమనిషి చిన్నతల్లి పరుగెత్తుకొచ్చి ఇంట్లో పడింది. మీ బావగారి లైసెన్సు గడువు దాటిపోయి, తుపాకీ స్టేషన్లో పెట్టుకున్నారు. నా పేర లైసెన్సు కోసం పెట్టిన దరఖాస్తుకు మూడు నెలలు నిండాయి. గాల్లోకి పేల్చి బెదరగొట్టడానికే కదా అడిగాను, ఎలుగును చంపడానికి కాదు. ఆ ఆఫీసులో నీకు తెలిసినవాళ్ళున్నారు. ఒక మాట చెప్పి పుణ్యం కట్టుకో.

సూర్యకుమారి

*

టెక్కలి
11 ఏప్రిల్ 2003

చెల్లికి ఆశీస్సులు.

మొహమాటపడకు అంటే ఇంతలా పడకుండా ఉంటావని అనుకోలేదు. మీ వదిన నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకుని, రెండుసార్లూ ఒకే చోట నవ్వింది.

అవును, అడుగుతాను. నేనమ్మేది బెండకాయలు కాదు. నాలుగేళ్ళ కిందట ఒకడు ఎర్రటి కళ్ళతో వచ్చి పది తూటాలన్నాడు. గట్టు తగాదాలో అన్నదమ్ములిద్దరూ ఆ వారమే కొట్టుకున్నారని నాకు తెలుసు. "మీ అన్న బాగున్నాడేటి?" అని అడిగి, సరుకు లేదు పొమ్మన్నాను. గాజు అద్దం వెనక సరుకు కనిపిస్తూనే ఉంది. నన్ను తిట్టిన తిట్లు బస్టాండు దాకా వినిపించాయి. మూడు నెలల తర్వాత అన్నదమ్ములిద్దరూ ఒకే ఆటోలో సంతకు వెళ్తూ, నా కొట్టు ముందు ఆపించి, ఈసారి ఇద్దరూ కలిసి తిట్టి వెళ్ళారు. ప్రాణాలతో ఉన్నారు కనుక తిట్టారు. మీ ఏసీ కొట్టువాడైతే "థాంక్యూ సార్" అని కవరులో పెట్టి ఇచ్చేవాడు.

హెడ్డు గారు బెంచీ మీద ఉండడం కొట్టుకు గౌరవం. బాబూరావు తండ్రి పదిహేడు తూటాలు తుప్పు పట్టించింది నిజమే. అబద్ధం చెప్పానా?

ఎలుగుల సంగతికి డబ్బాలు కొట్టించు, టపాకాయలు పేల్పించు. చిన్నప్పటి నుంచీ నీకు చప్పుళ్ళంటే భయం లేదు కదా. లైసెన్సు విషయం ఆఫీసులో కనుక్కుంటాను. తొందరపడకు.

కృష్ణారావు

*

మందస దగ్గర, తోట
19 మే 2003

అన్నయ్యకి,

డబ్బాలు కొట్టించాను. మొదటి వారం ఎలుగులు పారిపోయాయి. రెండో వారం తలెత్తి చూశాయి. మూడో వారం నుంచి తలెత్తడం కూడా మానేశాయి.

పన్నెండో తారీకు పొద్దున్న ఏడింటికి చిన్నతల్లి తూర్పు గట్టు దగ్గర పిక్కలు ఏరుతోంది. పొద వెనక ఎలుగు ఉందని చూసుకోలేదు. అరుపులు విని నేనూ ఇంకో ఇద్దరూ కర్రలు పట్టుకుని పరుగెత్తాం. అప్పటికే కుడి చెంప, భుజం చీరేసింది. ఆటోలో నా ఒళ్ళో పడుకోబెట్టుకుని పలాస ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ముప్పై నాలుగు కుట్లు పడ్డాయి. కన్ను దక్కింది. దారి పొడుగునా "అమ్మా, పిక్కల బుట్ట గట్టు మీదుండిపోనాది, ఎవులైనా అట్టుకుపోతారు" అంటూనే ఉంది.

ఆ తర్వాత నేనే శ్రీకాకుళం వెళ్ళాను. దరఖాస్తు ఎందుకు కదలడం లేదని అడిగితే, గుమాస్తా ఫైలు నా వైపు తిప్పి, "మేడమ్, మీ అన్నగారే కదండీ ఇలగ సెప్పినారు, మేమేటి సేత్తాం?" అన్నాడు. చదివాను. విచారణకు వచ్చిన పోలీసుకు నువ్విచ్చిన మాట: "దరఖాస్తుదారు స్వభావరీత్యా భయస్తురాలు. భర్త అనారోగ్యం వలన మనస్థిమితం తక్కువ. ఆయుధం ఇచ్చుట శ్రేయస్కరం కాదు." కింద నీ సంతకం. నాన్న నేర్పిన గుండ్రటి అక్షరాలు.

పోయిన ఉత్తరంలో చప్పుళ్ళంటే నాకు భయం లేదన్నావు. ఫైల్లో భయస్తురాలినన్నావు. ఏ చెల్లెలి గురించి ఏది రాశావో ఒక పుస్తకంలో ఎక్కించుకో, కలగాపులగం కాకుండా ఉంటుంది.

నీ దగ్గర దాచిన సంగతి ఒకటి నా దగ్గరా ఉంది. డిసెంబరులో మీ బావగారికి డయాలసిస్ జరుగుతూంటే, నాలుగు గంటలు ఎక్కడ కూర్చోవాలో తెలియక, పక్క వీధిలో ఉన్న వనయాత్రలోకి వెళ్ళాను. చల్లగా ఉంటుందనే వెళ్ళాను. రెండో అంతస్తులో సింధూర అనే అమ్మాయి కుర్చీ వేసింది. "ఏ పనికి కావాలి మేడమ్?" అంది. ఎలుగుల్ని బెదరగొట్టడానికి అన్నాను. అంతే. ఇంట్లో మగవాళ్ళు లేరా అనలేదు. సింగిల్ బారెల్ తుపాకీ ఒకటి మడిచి, లోపల ఖాళీగా ఉందని చూపించి, నా చేతికిచ్చింది. లైసెన్సు ఫారం నింపడానికి సాయం చేసింది. నాన్న మనిద్దరికీ పదేళ్ళ వయసులోనే గొట్టాలు తుడిచే పని ఇచ్చాడు, గుర్తుందా? ఆ నూనె వాసన తగిలి ఏడుపొచ్చింది. ఆ పిల్ల ఎందుకని అడగలేదు. మంచినీళ్ళు తెచ్చిపెట్టి, అటు తిరిగి ఏవో సర్దుకుంది.

జనం అక్కడికెందుకు వెళ్తున్నారని మార్చిలో అడిగావు. అక్కడ చవక కాదు, సరుకు గొప్పదీ కాదు. నేనెవరి కూతుర్నో, మా ఇంట్లో రోగమేమిటో, మా నాన్న ఎన్ని తూటాలు తుప్పు పట్టించాడో వాళ్ళకు తెలీదు. ఆ సుఖం కోసం రైల్లో నిలబడైనా వెళ్తారు.

ఇది నీ వ్యాపారానికి పనికొస్తుందని రాస్తున్నాను. నాకు జవాబు రాయనక్కర్లేదు.

సూర్యకుమారి

*

టెక్కలి
9 జూన్ 2003

చెల్లికి,

మూడు ఇన్లాండ్ కవర్లు పాడుచేశాను. ఇది నాలుగోది.

చిన్నతల్లికి ఎలా ఉంది?

కృష్ణారావు

*

మందస దగ్గర, తోట
17 జూన్ 2003

అన్నయ్యకి,

ఒకే ఒక్క ప్రశ్నతో ఉత్తరం ముగించావంటే నీకు ఒంట్లో బాగాలేదేమోనని మీ బావగారు కంగారుపడుతున్నారు.

కుట్లు విప్పారు. మాట్లాడితే చెంప లాగుతోందట. అయినా మాట్లాడడం ఆపలేదు.

సూర్యకుమారి

*

టెక్కలి
20 జులై 2003

చెల్లి సూర్యకుమారికి,

నేను విశాఖ వెళ్ళాను. మీ వదినతో పంటి డాక్టరు కోసమని చెప్పాను. పళ్ళన్నీ బాగానే ఉన్నాయి.

వనయాత్ర లోపలికి దొంగలా దూరాను. పేరడిగితే చెప్పడానికి నందిగాం రైతునని ఒక కథ తయారు చేసుకున్నాను. ఎవడూ అడగలేదు. నలభై ఏళ్ళలో మొదటిసారి నన్నెవరో "రండి సార్" అన్నారు. వెనక్కి తిరిగి చూశాను, ఎవరినోనని. మన కొట్టులో నేను పట్టించుకోకుండా కూర్చునే ప్రశ్నలన్నీ ఆ సింధూరను అడిగాను. తూటాలో గుండ్లెన్ని ఉంటాయి, వానకు తడిస్తే పేలుతుందా, ఎడమచేతి వాటం వాళ్ళు ఎలా పట్టుకోవాలి. ఓపిగ్గా అన్నీ చెప్పింది. అందులో రెండు తప్పు చెప్పింది. దిద్దాలని నాలుక చివరిదాకా వచ్చింది. నోరు మూసుకున్నాను. ఇది నువ్వు నమ్మవని తెలుసు.

చివరికి ఒక టార్చిలైటు కొన్నాను. అలాంటివి నా కొట్టులో ఆరున్నాయి. ఎందుకు కొన్నానంటే, అంతసేపు మర్యాదగా నిలబడి చూపించిన పిల్ల ముందు ఊరికే లేచి రావడానికి మనసొప్పలేదు. అక్కడికెందుకు వెళ్తారో అర్థమైంది. నీకు ఏమీ కొనకుండానే అర్థమైంది, నాకు ఒక టార్చి ఖర్చయింది.

ఇక ఫైల్లో మాట. నీకు తుపాకీ వస్తే బెంచీ మీదోళ్ళు నవ్వుతారని అలా చెప్పాననుకుని ఉంటావు. అదైతే బాగుండేది. ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. పదకొండేళ్ళ కిందట ఒక ఉద్దానం రైతు వచ్చాడు. బావగారి జబ్బే. మొహం ఉబ్బి ఉంది. రెండు తూటాలు చాలన్నాడు. పంట ఎలా ఉందని అడిగాను, అల్లుడి ఉద్యోగం గురించి అడిగాను, నీళ్ళ తగాదా తీరిందా అని అడిగాను. ఆ మొహం అలా ఎందుకుందని మాత్రం అడగలేదు. తూటాలు ఇచ్చాను. వారం తర్వాత వాళ్ళావిడ వచ్చి, మిగిలిన రెండో తూటా కౌంటరు మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాతే ఆ బోర్డులు, ఆ ప్రశ్నలు, ఆ హెడ్డు గారు. ఎవడు ఎందుకు కొంటున్నాడో పూర్తిగా తెలిసేదాకా అమ్మకూడదనుకున్నాను. రానురాను వెటకారం ఒక్కటే మిగిలింది, భయం లోపలికి పోయింది.

డిసెంబరులో మీ ఇంటికి వచ్చినప్పుడు, నువ్వు కంచంలో చెయ్యి పెట్టి, తినకుండా గోడ చూస్తూ చాలాసేపు కూర్చున్నావు. ఆ రైతు మొహమే కనిపించింది. పది రోజులకే పోలీసు విచారణకు వచ్చాడు. నోటికొచ్చింది చెప్పేశాను. బస్సు దిగిన ప్రతివాణ్ణీ అన్నీ అడిగే నేను, నిన్ను అడగాల్సిన ఆ ఒక్కటీ నిన్ను అడగలేదు. చిన్నతల్లి చెంప మీది కుట్లు నావల్ల పడినవే. దానికి నా దగ్గర వెటకారం లేదు.

మొన్న శ్రీకాకుళం వెళ్ళి, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని రాసిచ్చాను. "ఈపాలి అన్నాసెల్లెల్లు ఇద్దరూ మాటాడుకుని రండి సార్, ఫైలు బరువెక్కిపోతన్నాది" అన్నాడు గుమాస్తా.

కృష్ణారావు

*

మందస దగ్గర, తోట
2 డిసెంబరు 2003

అన్నయ్యకి నమస్కారాలు.

నాలుగు నెలలు నీకు రాయలేదు. కావాలనే. మధ్యలో వదిన ఫోన్ చేసి "మీ అన్న అన్నం సరిగ్గా తినడం లేదు" అంది. గోడ చూస్తున్నాడా అని అడిగాను. పోలీసుకు మాత్రం చెప్పలేదు.

నువ్వు అడగని ప్రశ్నకు జవాబు రాస్తున్నాను. ఆ రోజు గోడ చూసిన మాట నిజం. అలాంటి ఆలోచన ఒకసారి గుమ్మం దాకా వచ్చింది కూడా. లోపలికి రానివ్వలేదు. నువ్వు కంచం పక్కన కూర్చుని "ఏమైందే?" అని అడిగి ఉంటే అప్పుడే చెప్పేదాన్ని. కాసేపు ఏడ్చి, ఆ పులుసన్నం తినేసేదాన్ని. నువ్వేమో నన్ను వదిలేసి సర్కారుకు చెప్పావు. నాకు కోపం వచ్చింది నీ భయం మీద కాదు, ఆ భయాన్ని నాకు తప్ప అందరికీ చూపించినందుకు. క్షమించానా అంటే, సగం. మిగతా సగం చిన్నతల్లిది, అది నేనివ్వలేను.

లైసెన్సు వచ్చింది. తుపాకీ కొన్నాను. నీకు ముందే చెప్పేస్తున్నాను, విశాఖలోనే కొన్నాను. నీ పదకొండింటిలో ఒకటి తగ్గించి నీకు సంతోషం కలిగించాలని ఒక క్షణం అనిపించింది. సింధూర గుర్తొచ్చింది. నన్ను మనిషిలా కూర్చోబెట్టిన చోటే కొనాలనిపించింది. నీ ప్రశ్నలే మళ్ళీ అడిగి, ఆమె చెప్పిన ఆ రెండు తప్పులూ నేనే దిద్దాను. పుస్తకం తీసి రాసుకుంది.

పోయిన ఆదివారం సాయంత్రం ఎలుగు పనసచెట్ల దగ్గరికి వచ్చింది. మీ బావగారు అరుగు మీద మంచంలో కూర్చుని చూస్తున్నారు. గాల్లోకి ఒక్కసారి పేల్చాను. భుజం నొప్పెట్టింది. ఎలుగు ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగి, ఎంత వేగంగా పోయిందంటే దాని నడుము కింది బొచ్చు లంగాలా ఊగింది. మీ బావగారు ఎనిమిది నెలల తర్వాత బిగ్గరగా నవ్వారు. చిన్నతల్లి మాత్రం నవ్వలేదు. నా పక్కన నిలబడి, ఎలుగు పోయిన వైపే చాలాసేపు చూసి, "ఇంకోపాలి పేల్చమ్మా" అంది. పేల్చాను. ఎలుగు లేకపోయినా పేల్చాను.

చిన్నతల్లి ఈ మధ్య ఒక కొబ్బరితోట కౌలుకు తీసుకుంది. కోతులు లేతబోండాలు రాల్చేస్తున్నాయట. బెదరగొట్టడానికి ఎయిర్‌గన్ కావాలంటోంది. దానికి లైసెన్సు అక్కర్లేదు కదా. నీ కొట్టు దగ్గరని చెప్పాను. వచ్చే గురువారం వస్తుంది. కుర్చీ వెయ్యి. ఆమె చెంప గురించి ఏమీ అడగకు. నీవల్ల ఏం జరిగిందో ఆమెకు నేను చెప్పలేదు. అది నీ పని.

సూర్యకుమారి

*

టెక్కలి
14 డిసెంబరు 2003

చెల్లికి ఆశీస్సులు.

నువ్వు విశాఖలో కొన్నావని చదివి కోపం వచ్చింది. ఇంకా ఉంది. అది అలా ఉండనీ.

బుధవారమే కొత్త కుర్చీ తెచ్చాను. హెడ్డు గారు వచ్చి తిన్నగా దాని మీదే కూర్చున్నారు. లేవమన్నాను. పదేళ్ళ స్నేహం, లేచి పక్క మందుల షాపుకు మారిపోయారు. అక్కడ వచ్చేవాళ్ళ రోగాలన్నీ తెలుస్తాయని సంతోషంగా ఉన్నట్టు కబురు.

చిన్నతల్లి పదింటికి వచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టాను. ఎయిర్‌గన్లు మూడు తీసి బల్ల మీద పెట్టాను. మూడూ ఎత్తి చూసింది. నేనేమీ అడగలేదు. కాసేపటికి ఆమే నా మొహం చూసి, "ఏటి బాబూ, మీరు అన్నీ అడుగుతారంటారు, నన్నేటి అడగరు?" అంది.

అప్పుడు చెప్పాను. లైసెన్సు రాకుండా అడ్డుపడింది నేనేనని, అందుకే ఆ రోజు తోటలో తుపాకీ లేదని. ఇంతకు ముందు ఎన్నిసార్లు మనసులో చెప్పుకున్నానో, అన్నీ మరిచిపోయి రెండు ముక్కల్లో చెప్పేశాను. కౌంటరు వెనక నిలబడే చెప్పాను, ఇవతలికి రావాలని కూడా తోచలేదు.

ఆమె తల వంచుకుని ఎయిర్‌గన్ పిడి రుద్దుతూ కూర్చుంది. తర్వాత, "మా ఆయన బతికున్నప్పుడు నన్ను జీడితోట పనికెల్లొద్దన్నాడు బాబూ. ఎలుగులుంటాయని. ఆడు నాకే సెప్పినాడు, తగువాడినాడు, నాను ఇనలేదు, ఎల్లినాను. నాకే సెప్పినాడు" అంది. అంతకు మించి నన్నేమీ అనలేదు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది. ఆ అన్నదమ్ములు తిట్టినట్టు తిట్టి ఉంటే ఇంకా తేలికగా ఉండేది.

మీ వదిన లోపలి నుంచి అంతా విన్నట్టుంది. టీ తెచ్చి ఆమె చేతికిచ్చి, నాకు ఇవ్వకుండా వెళ్ళిపోయింది.

టీ తాగాక చిన్నతల్లి మూడు ఎయిర్‌గన్లనూ మళ్ళీ ఒకసారి ఎత్తి చూసి, "బరువుగున్నాయి బాబూ. కుడిరెక్క ఇదివరకట్లాగ లెగట్లేదు. విశాఖలో తేలికయి ఉంటాయంట కదా?" అంది.

ఉంటాయన్నాను. పలాసలో పొద్దున్న రైలెక్కితే పదకొండుకల్లా చేరతావన్నాను. స్టేషన్లో దిగి ఏ ఆటో ఎక్కాలో, ఏ అంతస్తుకు వెళ్ళాలో చీటీ మీద రాసిచ్చాను. చదవడం రాదంది. అందుకని వచ్చే మంగళవారం కొట్టు మూసి నేనే తీసుకెళ్తున్నాను.

కృష్ణారావు